నల్లా వచ్చే వేళ

యంత్రం చేసిన రాక్షసుడితో నాకు విసుగొచ్చింది.
ఎడమకి మూడడుగులు, ఒక గర్జన, ఆ తర్వాత తోక.
పదోసారి చంపేటప్పుడు
ఒక చేత్తో ఉప్మా తింటున్నాను.

మనిషి అలా కాదు.
మనిషి తటపటాయిస్తాడు.
పారిపోతున్నట్టు నటించి, గోడ వెనక ఊపిరి బిగబట్టి,
నేను మలుపు తిరుగుతానో లేదోనని
నా బుర్రలోకే వచ్చి కూర్చుంటాడు.
పగలంతా సీతాఫల్‌మండి ల్యాబులో
సీసాల మీద చీటీలు అంటిస్తాను.
చెయ్యి చాపుతారు, సూది వైపు చూడరు,
నా వైపు అసలే చూడరు.
రాత్రి ఒంటిగంటకి ఎర్రనేలలో మాత్రం
ఎవడో ఒకడు నా ప్రతి అడుగునీ చదువుతాడు.
చంపడానికే అనుకోండి.
అయినా చదువుతాడు.

ఎర్రనేల అంటే కంపెనీవాళ్లు హద్దు గీసి వదిలేసిన చోటు.
అక్కడ ఎవరు ఎవర్నైనా కొట్టొచ్చు.
పడినవాడి మూట పొడిచినవాడిది.
హద్దు దాటేముందు తెర ఒక మాట అడుగుతుంది:
నిజంగానే వెళ్తారా?
నన్నలా అడిగినవాళ్లు జీవితంలో తక్కువ.
ప్రతిసారీ అవుననే నొక్కాను.

మైకు మాత్రం తెరవను.
ఒకే ఒక్కసారి తెరిచి "వెనక్కి, వెనక్కి" అన్నాను.
ఆ రెండు మాటలకే ఆడగొంతని తేలిపోయి
కత్తులు పక్కన పెట్టి నోళ్లు దూశారు.
ఆట ఆపేశాక కూడా చాలాసేపు
వంటింట్లో గిన్నెలు తోముతూ
వాళ్లకి జవాబులు చెబుతూనే ఉన్నాను.

నేనూ ఏం మంచిదాన్ని కాదు.
గోలికాయ అని ఒకడు.
వంతెన మీద ఏడు రాత్రుల్లో ఏడుసార్లు పడగొట్టాను.
ఏడోసారి వాడి మూటలో నీలిపిడి కత్తి.
అది కొంటే దొరకదు;
గనిలో కూర్చుని నెలల తరబడి రాయి కొట్టాలి.
తీసుకున్నాను. ఊరుకోలేదు.
వాడి శవం మీద కూర్చుని లేచి, కూర్చుని లేచి గెంతాను.
ఆరోజు ఒక రిపోర్టు తారుమారై
పెద్ద డాక్టరు నలుగురిలో
"చదువుకున్నావా అసలు?" అన్నాడు.
అదీ కారణమని చెబితే గోలికాయ ఒప్పుకోడు.

అప్పుడు వాడు మైకు తెరిచాడు.
తిట్టలేదు.
"అన్నా, గా కత్తి ఒక్కటి ఇడిసిపెట్టు అన్నా.
మూడు నెలలాయె దానెంబడి పడి."
ఇంకా సరిగా ముదరని గొంతు.
వాడి వెనకాల రైలు కూత.
నా కిటికీలో అదే కూత.
ఒకటి ముందు, ఒకటి అర రెప్పపాటు వెనక.
ఆ తర్వాత ఎవరో ఆడమనిషి:
"నల్లా వొచ్చిందిరా ఓంకార్, బిందెలు దేరా!"
కింద మా గల్లీలో బిందెలు మోగాయి.

నాలుగున్నర.
హెడ్‌ఫోన్లు మెడలో ఉండగానే మెట్లు దిగాను.
ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెతో పదిహేనేళ్లవాడు,
బొటనవేలికి గుడ్డపేలిక, కళ్లు ఎర్రగా.
నా బిందెను కాలితో ఇంత పక్కకి నెట్టి
తనది ముందు పెట్టాడు.
నేను తిరిగి నెట్టాను.
ఒకర్నొకరం చూసుకున్నాం, తటపటాయిస్తూ.
ఆ చూపు నాకు తెలుసు.
వంతెన ఆ చివర నుంచి ఏడు రాత్రులుగా తెలుసు.
నేనేనని చెప్పలేదు.
"అక్కా, ఇస్కూలున్నది" అన్నాడు.
జరిగాను.

ఆ రాత్రి కత్తిని వంతెన నడిమధ్య పెట్టి
ఒట్టి చేతులతో నిలబడ్డాను.
గోలికాయ వచ్చాడు.
వల ఏమైనా ఉందేమోనని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.
కత్తి తీసుకున్నాడు.
కాస్త ఆగాడు.
పొడిచాడు.

నేల మీంచి చూస్తున్నాను:
నా మీద కూర్చుని లేస్తున్నాడు, కూర్చుని లేస్తున్నాడు.
నవ్వొచ్చింది.
నవ్వుతుండగానే చెవులు వేడెక్కాయి,
మౌసు మీద చెయ్యి వణకడం మొదలైంది.
వాడికి రేపు బడి. నాకు ఏడింటికి డ్యూటీ.
తెర అడుగుతోంది:
నిజంగానే వెళ్తారా?

కింద ఇంకా నల్లా రాలేదు.